నాలుగు కిలోల గుండు

సెలవు రోజైన శుక్రవారం పొద్దున ఆరు గంటలకే, మస్కట్ పక్కన రువీలోని కంపెనీ క్వార్టర్ల వెనక, ఎండిపోయిన ఏటిలో ధబ్బుమని చప్పుడు మొదలైంది. కమలవ్వ ఆ చప్పుడు వింటూనే బియ్యం కడిగింది, పప్పు పొయ్యి మీదికెక్కించింది, రొట్టెల పిండి తడిపింది. ఒక చప్పుడుకూ మరో చప్పుడుకూ మధ్య ఎంత సేపు పడుతుందో ఆమెకు బాగా తెలుసు. కూతురు ఇనుప గుండు విసిరి, టేపు పట్టి కొలిచి, గుండెత్తుకుని మళ్లీ గీత దగ్గరికి వచ్చేంత సేపు. ఆ సేపు కాస్త పెరిగిందంటే పిల్ల అలిసిపోయినట్టు.

"గౌరవ్వా, ఇంక చాలు తియ్యి! రొట్టె సల్లారిపోతది" అని కిటికీలోంచి కేకేసింది.

"ఇంక నాలుగేసి వస్తనే అవ్వా!"

ఆ నాలుగు పది అవుతాయని తెలిసినా కమలవ్వ ఇంకోసారి పిలవలేదు. లోపల చాప మీద కూర్చుని భర్త భీమన్న చాయ్ తాగుతూ ఒక ఉత్తరం చదువుకుంటున్నాడు. హైదరాబాదులోని ఆడపిల్లల కాలేజీ నుంచి పది రోజుల కింద వచ్చిన ఉత్తరం అది.

"గదాన్ని ఎన్నిసార్లు సదువుతవు? అచ్చరాలు చెరిగిపోతయి."

"పది మీటర్లు దాటే పిల్లయితే తప్పకుంట తీస్కరమ్మని రాసిన్రే. తప్పకుంట అని రాసిన్రు" అన్నాడు భీమన్న. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో సంతోషం లేదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, చల్లారిన చాయ్‌ను అట్లాగే వదిలేశాడు.

భీమన్నది కోరుట్ల దగ్గర ఒక పల్లె. ఆరేళ్ల కింద మేస్త్రీగా ఒమాన్ వచ్చి, షట్టరింగ్ ఫోర్మన్ అయ్యాడు. ఫోర్మన్ అయినందుకు కంపెనీ రెండు గదుల క్వార్టర్ ఇచ్చింది. డెబ్బై అయిదులో భార్యనూ కూతురినీ తెచ్చుకున్నాడు. అప్పటికి గౌరవ్వకు పన్నెండేళ్లు. వయసుకు మించిన ఎత్తు, వెడల్పు భుజాలు. మొదటి రోజు బడిలో పిల్లలంతా ఆమెను చూసి నవ్వారు. నవ్వనిది ఒక్క ఆటల టీచరు వజీరున్నీసా.

వజీరున్నీసాది కడప. చదువుకునే రోజుల్లో ఆమె కూడా గుండు విసిరింది, హైదరాబాదులో ఆ కాలేజీలోనే ఆటల కోటాలో చేరింది. గౌరవ్వ ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఈ పాప చేతిలో బలం ఉండాది. ఇప్పటినుంచే ఒక లెక్క ప్రకారం పోవాల. ఎనిమిదిలో కాళ్లు యెట్ల తిప్పాలో నేర్పిస్తా. తొమ్మిదిలో దూరం పెంచుదాం. పదిలో కాలేజీకి ఉత్తరం రాద్దాం. డెబ్బై తొమ్మిది జూన్‌లో ట్రయల్. అక్కడ ఎంపికైతే హాస్టలూ చదువూ అంతా వాళ్లే చూసుకుంటారు."

కాలేజీ అన్న మాట ఆ ఇంట్లో వినపడడం అదే మొదటిసారి. కమలవ్వ నిజామాబాదులో ఇటుకలు మోసిన మనిషి. ఆమె అక్కాచెల్లెళ్లంతా ఇప్పటికీ బీడీలు చుడుతున్నారు. ఆ రోజు నుంచి ఆమెకు ఆ ఇనుప గుండే లోకమైంది. మస్కట్‌లో అలాంటి గుండు దొరకకపోతే, కంపెనీ వర్క్‌షాపులో టర్నర్‌గా పనిచేసే హైదరాబాదు షరీఫ్ పాత ఇనుప కడ్డీ నుంచి చెక్కి ఇచ్చాడు. స్టోరులో తూచారు. సరిగ్గా నాలుగు కిలోలు, ఆడపిల్లల పోటీల్లో ఉండే బరువు.

ఆ గుండుతోనే మూడేళ్లు. మొన్నటి ఫిబ్రవరిలో గౌరవ్వ పది మీటర్ల పది సెంటీమీటర్లు విసిరింది. ఆ దూరం రాసి, కింద సంతకం పెట్టి వజీరున్నీసా కాలేజీకి పంపింది. దానికి వచ్చిన జవాబే భీమన్న జేబులో ఉన్నది.

ఎనిమిది కొట్టేసరికి క్వార్టర్ ముందు కారు ఆగింది. వజీరున్నీసా రెండు చేతులతో ఒక గుడ్డసంచి మోసుకుంటూ దిగింది.

"ఏం పాపా, చూడు నీకేం తెచ్చినానో! బొంబాయి నుంచి మా ఆయన తమ్ముడు తెచ్చినాడు. అసలైన గుండు. దీని మీద ముద్ర కూడా ఉండాది చూడు, నాలుగు కిలోలని."

గౌరవ్వ మెరిసే కళ్లతో దాన్ని అందుకుంది. అందుకోగానే ఆమె చెయ్యి కొద్దిగా కిందికి జారింది.

"బరువున్నది టీచర్."

"కొత్తది గదా. అలవాటయితాది. పద, వేసి చూద్దాం."

అందరూ ఏటిలోకి వెళ్లారు. గౌరవ్వ గుండును మెడకు ఆనించుకుని, వంగి, గిర్రున తిరిగి విసిరింది. వజీరున్నీసా కొలిచి, మరోసారి కొలిచింది. ఎనిమిది మీటర్ల తొంభై. రెండోది తొమ్మిది మీటర్ల అయిదు. మూడోది ఎనిమిదీ డెబ్బై అయిదు. గౌరవ్వ తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నా చెయ్యికి ఏమో అయింది టీచర్" అంది. పరుగెత్తుకుంటూ వెళ్లి పాత గుండు తెచ్చి విసిరింది. పది మీటర్ల రెండు.

భీమన్న దగ్గాడు. "గా కొత్త దాని తూకమే తప్పి ఉంటది టీచరమ్మా. ముద్రలు ఎవలైనా ఏస్తరు."

"రెండూ తూకం వేస్తే తెలిసిపోతాది గదా భీమన్నా. మత్రా బజారులో బియ్యం కొట్టు తెరిచే ఉంటుంది. పోదాం రా."

"నాకు తలకాయ నొస్తున్నది. మీరు పోయిరాండ్రి" అన్నాడతను, ముఖం పక్కకు తిప్పుకుని. పద్దెనిమిదేళ్ల కాపురంలో సెలవు పూట అతనికి తలనొప్పి రావడం కమలవ్వ ఎప్పుడూ చూడలేదు.

ఆడవాళ్లు ముగ్గురే కారులో మత్రా వెళ్లారు. బియ్యం కొట్టు సేటు గుజరాత్‌లోని కచ్ వాడు. బస్తాలు తూచే పెద్ద తరాజు పక్కన, పప్పులు తూచే చిన్న తరాజు ఉంది. ఒక పళ్లెంలో రెండేసి కిలోల రాళ్లు రెండు పెట్టి, రెండో పళ్లెంలో కొత్త గుండు పెట్టాడు. ముల్లు నడిమిన నిలబడింది. తర్వాత పాత గుండు పెట్టాడు. గుండు ఉన్న పళ్లెం పైకి లేచింది. సేటు ఒక రాయి తీసి చిన్నవి పెడుతూ పోయి, చివరికి ఆగాడు.

"సాడే తీన్" అన్నాడు. మూడున్నర.

"అరిగిపోయిందా టీచర్?" అని అడిగింది గౌరవ్వ అమాయకంగా.

"ఇనుము అట్ల అరగదు పాపా" అంది వజీరున్నీసా మెల్లగా.

సేటు గుండును వెలుతురులో తిప్పి, ఒకచోట గోటితో గీశాడు. అక్కడ సన్నని గుండ్రటి గీత ఉంది. లోపల తొలిచి, మూత బిగించి, పైన సానపట్టిన గుర్తు. రూపాయి బిళ్ల కన్నా చిన్నది. మూడేళ్లుగా రోజూ చేత్తో పట్టుకున్న గౌరవ్వకు కూడా ఎన్నడూ తగలలేదు. ఆమె ఆ గీత మీద వేలు పెట్టి చుట్టూ రాసింది. కారులో ఇంటిదాకా గుండును ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

భీమన్న గడపలోనే కూర్చుని ఉన్నాడు. కమలవ్వ గుండు తెచ్చి అతని ముందర నేల మీద పెట్టింది.

"ఎవలు తొలిచిన్రు దీన్ని?"

"షరీఫ్."

"ఎవలు తొలువమన్నరు?"

భీమన్న తల దించుకున్నాడు. "నేనే."

వజీరున్నీసా అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయింది. "ఆ ఉత్తరం కింద నా సంతకం ఉంది భీమన్నా. నాకు చదువు చెప్పిన కాలేజీకి, నన్ను నమ్మే మనుషులకు అబద్ధం రాయించినావు గదయ్యా."

"తప్పయింది టీచరమ్మా."

"తప్పయిందంటే అయిపోయిందా?" కమలవ్వ గొంతు క్వార్టర్లంతటా వినిపించింది. "కాలేజోల్ల ముందర పిల్లను దొంగను చేస్తివి. రేపు ఆడికి పోయినంక, గంత మంది ముందట గుండు తొమ్మిది కాడ పడితె, పిల్ల మొకం యాడ పెట్టుకోవాలె?"

"జూన్ దాక మూడు నెలలున్నది గదనే. ఇప్పటిసంది అసలు దానితోనే ఎయ్యనీ. పది దాటితే ఎవలికీ తెల్వది."

"నాకు తెలుసు గద బాపూ" అంది గౌరవ్వ.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె ఇంకా గుమ్మం బయటే, ఎండలో నిలబడి ఉంది.

"ఎప్పుడు తొలిపిచ్చినవు?"

"నిరుడు. నీకు కామెర్లు అయినప్పుడు."

గౌరవ్వకు గుర్తుంది. నిరుడు జనవరిలో పదిహేను రోజులు మంచం పట్టింది. లేచి మొదటిసారి గుండు పట్టుకున్నప్పుడు చేతికి తేలిగ్గా తోచింది. 'మందుల బలం బిడ్డా' అన్నాడు తండ్రి. ఆమె నమ్మింది. ఆ రోజు తొలిసారి తొమ్మిది మీటర్లకు దగ్గరగా పడితే, తండ్రీ కూతుళ్లు ఏటిలో చేతులు పట్టుకుని ఎగిరారు.

"గప్పటిసంది నేను ఏసిందంత అబద్దమేనా?"

"నువ్వు ఏసింది అబద్దం గాదు బిడ్డా..."

"మరి పది మీటర్లు?"

భీమన్న ముందున్న గుండును చేత్తో పక్కకు జరిపాడు.

"నేను ఎయ్యలేననుకున్నవు. నాలుగు కిలోలు నాతోని గాదనుకున్నవు. అందరు నవ్విన్రు గాని నేను బాధపడలే. నువ్వు నమ్మినవనుకున్న. నువ్వు గూడ నమ్మలే బాపూ."

ఆ మాటకు భీమన్న లేచి నిలబడ్డాడు. ఏదో అనబోయి కూతురి వైపు కాకుండా భార్య వైపు తిరిగాడు.

"నన్ను తిట్టుండ్రి, పడత. గని కమలా, నువ్వు ఆ దినం ఏమన్నవో గూడ జెర యాది తెచ్చుకో. గప్పటికి నాలుగు నెలల సంది గుండు ఎనిమిది దాటుత లేదు. పిల్ల పండుకున్నదనుకోని నువ్వు నాతోని అన్నవు, బడి ఎండకాలం సెలవులు ఇచ్చే వరకు ఎనిమిదిన్నర దాటకుంటె కోరుట్ల తోలిచ్చేస్త, పెద్దవ్వ పక్కన కూసోని బీడీలు చుట్టుకుంటదని. పిల్ల పండుకోలే. అంతా ఇన్నది. తెల్లారి ఏటిల ఒక్కతే ఏసుకుంట, కొలుసుకుంట, ఏడ్సుకుంట ఉంటే నేను డ్యూటీకి పోతూ చూసిన. గా తెల్లారే జరం పట్టుకున్నది. కండ్లు పచ్చగై మంచంల పడి గూడ, ఎనిమిదిన్నర, ఎనిమిదిన్నర అని కలవరించింది. నేను ఏం జెయ్యాలె? నీ నోరు ముయ్యలేను. పిల్ల చేతికి బలం ఇయ్యలేను. చేతనైంది ఇనుము తగ్గిచ్చుడే. రెండు నెలలైనంక మల్ల సరిజేపిద్దామనుకున్న. పిల్ల నవ్వవట్టె. నాకు మనసు రాలే."

కమలవ్వకు ఆ మాటలు గుర్తొచ్చాయి. అన్న మరునాడే మరిచిపోయింది, కోపంలో అన్న మాటే కదా అని. కూతురు విన్నదని మాత్రం ఇప్పటిదాకా తెలియదు.

"ఇన్నవా బిడ్డా?" అని అడిగింది.

గౌరవ్వ అవునన్నట్టు తలూపింది.

కమలవ్వ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. వాళ్లు వచ్చేసరికి వేడిగా ఉండాలని భీమన్న మళ్లీ పొయ్యి మీద పెట్టిన పప్పు మాడుతున్న వాసన వచ్చినా ఎవరూ కదల్లేదు. చివరికి వజీరున్నీసాయే వెళ్లి గిన్నె దించి వచ్చింది.

చాలాసేపటికి గౌరవ్వ లోపలికి వచ్చి, తన పుస్తకాల సంచిలోంచి ఒక తెల్లకాగితం, పెన్ను తీసి తండ్రి ముందర పెట్టింది.

"రాయి బాపూ. అసలుది రాయి. ఇయ్యాల ఎంత పడ్డదో గది రాయి."

"రమ్మనరు బిడ్డా. పది అంటెనే రమ్మన్నరు."

"రమ్మనకపోతె వచ్చే ఏడు పోత. గిదానితోని మాత్రం పోను."

"నేను ఇంగ్లీషులో రాస్తాలే" అని వజీరున్నీసా చెయ్యి చాపింది. భీమన్న కాగితం ఇవ్వలేదు. "నీ పేరు మల్లొకసారి నా అబద్దానికి అడ్డం పెట్టుకోను టీచరమ్మా. నాకొచ్చిన నాలుగు అచ్చరాలతోనే రాస్త."

అయిదో తరగతితో చదువు ఆపిన మనిషి. ఆ పది వాక్యాలు రాయడానికి అతనికి గంటన్నర పట్టింది. 'అమ్మగారికి నమస్కారములు. నేను గౌరవ్వ తండ్రిని. ముందు జాబులో పది మీటర్లు అని ఉన్నది. అది తప్పు. గుండు అరకిలో తక్కువ ఉన్నది. తగ్గించినది నేను. నా బిడ్డకు తెలియదు. టీచరమ్మకు తెలియదు. ఈ దినం అసలు గుండుతో తొమ్మిది మీటర్ల అయిదు పడినది. రమ్మంటే వస్తాము.'

మరునాడు డ్యూటీకి వెళ్తూ అతనే ఆ జాబును పోస్టులో వేశాడు.

వారం రోజులు ఆ ఇంట్లో మాటలు లేవు. కమలవ్వ అన్నం పెట్టేది, భీమన్న తినేవాడు, గౌరవ్వ బడికి వెళ్లేది. పొద్దున ఆరింటికి ఏటిలో చప్పుడు మాత్రం ఆగలేదు. కొత్త గుండు మట్టిలో పడే చప్పుడు మరింత బరువుగా ఉండేది. ఎనిమిదీ తొంభై, తొమ్మిది, ఎనిమిదీ తొంభై. గౌరవ్వ ప్రతిదీ నోటుబుక్కులో రాసుకునేది. తగ్గినా రాసేది.

ఆ తర్వాతి శుక్రవారం భీమన్న ఒక పార, తాపీ, సిమెంటు బస్తాతో ఏటి గట్టు మీదికి వెళ్లాడు. క్యాంపు బాస్‌ను అడిగి అనుమతి తీసుకున్నాడు. పోటీల్లో గుండు విసిరేది గట్టి సిమెంటు వలయంలోంచి అని, అడ్డం ఏడడుగులుంటుందని వజీరున్నీసా ఎప్పుడో చెప్పింది. ఇన్నాళ్లూ గౌరవ్వ మట్టిలో గీసిన గీతలోంచే విసిరింది. మట్టిలో కాలు తిరగదు, జారుతుంది. అతను మేకు పాతి, దారం కట్టి, గుండ్రంగా గీసి, తవ్వడం మొదలుపెట్టాడు.

కంకర కలిపి చూసేసరికి పక్కన కమలవ్వ నిలబడి ఉంది. కొంగు నడుముకు బిగించి, తలమీద చుట్టకుదురు పెట్టుకుంది.

"తట్ట ఎత్తు" అంది.

"నువ్వెందుకే? నేను జేస్త."

"నిజామాబాదుల మూడంతస్తులు ఎక్కిన తట్టతోని. ఎత్తు అంటున్న."

అతను తట్ట ఎత్తి ఆమె తలమీద పెట్టాడు. ఎండెక్కే లోపల ఇద్దరూ కలిసి వలయం పోశారు. భీమన్న మట్టం పెట్టి చూసి, తాపీతో నున్నగా చేస్తుంటే కమలవ్వ గట్టు మీద కూర్చుంది.

"తప్పు జేసినవు" అంది కాసేపటికి. "నేను గూడ జేసిన. నాకు బీడీలంటే భయం. గా భయం పిల్ల మీద పెట్టిన."

భీమన్న తాపీ ఆపలేదు. "నాకు పిల్ల ఏడిస్తే భయం" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు.

ఆ రోజు నుంచి పొద్దున ఏటిలో ముగ్గురు కనిపించేవారు. గౌరవ్వ విసిరేది, భీమన్న టేపు పట్టేవాడు, కమలవ్వ గుండెత్తుకొచ్చి ఇచ్చేది. రోజూ యాభై సార్లు. వజీరున్నీసా వారానికి మూడు రోజులు వచ్చి కాళ్ల తిప్పుడు సరిచేసేది. ఒకసారి "నువ్వొకటెయ్యి అక్కా" అని కమలవ్వను ఆట పట్టిస్తే, ఆమె నిజంగానే వలయంలోకి దిగి, చీర పైకి చెక్కి, తట్ట దులిపినట్టు గుండును విసిరింది. ఆరు మీటర్లు పడింది. చాలా రోజుల తర్వాత గౌరవ్వ పడీ పడీ నవ్వింది. తండ్రితో మాత్రం కొలతల మాటలే మాట్లాడేది. 'తొమ్మిదీ ఇరవై', 'తొమ్మిదీ ఇరవై అయిదు', అంతే. ఏప్రిల్ చివరికి తొమ్మిదిన్నర వచ్చింది. మే నెల ఎండలకు గుండు కాలిపోతుంటే కమలవ్వ దాన్ని నీళ్ల బకెట్‌లో ముంచి, తుడిచి ఇచ్చేది.

కాలేజీ నుంచి మాత్రం జవాబు రాలేదు. భీమన్న రోజూ కంపెనీ ఆఫీసులో పోస్టు అడిగి, ఖాళీ చేతులతో వచ్చేవాడు. రెండేళ్లకోసారి వచ్చే సెలవు జూన్‌లోనే ఉంది. టికెట్లు ఎట్లాగూ ఉన్నాయి. పిలవకపోతే ఆ సెలవు కోరుట్లకే.

మే ఇరవై దాటాక ఒక కార్డు వచ్చింది. మూడే వాక్యాలు. 'ట్రయల్ జూన్ పద్దెనిమిది, ఉదయం ఏడు గంటలకు. అమ్మాయిని తీసుకురండి. తూకం ఇక్కడ మేము వేసుకుంటాము.'

చివరి వాక్యం చదివి భీమన్న మొహం మాడిపోయింది. గౌరవ్వ కార్డు తీసుకుని తన నోటుబుక్కులో పెట్టుకుంది. "రమ్మన్నరు గద. పోదాం" అంది.

మస్కట్ దగ్గరి సీబ్ నుంచి విమానంలో బొంబాయి, అక్కడి నుంచి రైల్లో హైదరాబాదు. జూన్ పద్దెనిమిది పొద్దున కాలేజీ మైదానం తొలకరికి తడిసి ఉంది. గుండు విసరడానికి తొమ్మిది మంది అమ్మాయిలు వచ్చారు. తీసుకునేది ముగ్గురిని. ఫిజికల్ డైరెక్టరమ్మ పొట్టిగా, బక్కగా, నెరిసిన జుట్టుతో ఉంది. మెడలో ఈల. పేర్లు పిలుస్తూ గౌరవ్వ దగ్గర ఆగింది.

"మస్కట్ నుంచి వచ్చింది మీరేనా? రెండో ఉత్తరం రాసింది ఎవరు?"

అమ్మాయిల తల్లిదండ్రులంతా అటు చూశారు. భీమన్న రెండడుగులు ముందుకు వేసి చేతులు కట్టుకున్నాడు. "నేనేనమ్మా. గుండు తొలిపిచ్చింది గూడ నేనే."

"మొదటి ఉత్తరం ఒక్కటే వచ్చి ఉంటే మాకు ఏమీ తెలిసేది కాదు. రెండోది ఎందుకు రాశారు?"

"నా బిడ్డ రాయిపిచ్చిందమ్మా. నాకు గంత ధైర్యం లేదు."

కమలవ్వ భర్త వెనక్కు వచ్చి నిలబడింది. డైరెక్టరమ్మ కాసేపు ఆ ముగ్గురినీ చూసి, "సరే, వరుసలో నిలబడమ్మా" అని మాత్రం అంది.

ఒక్కొక్కరికి నాలుగు అవకాశాలు. వరంగల్ అమ్మాయి మొదటిసారే పది దాటించింది. గుంటూరు అమ్మాయి పదీ ముప్పై. గౌరవ్వ మొదటిది తొమ్మిదీ నలభై. రెండోది వలయం దాటి కాలు బయట పడి లెక్కకు రాలేదు. మూడోది తొమ్మిదీ డెబ్బై. అప్పటికి మూడో స్థానంలో నల్లగొండ అమ్మాయి ఉంది, తొమ్మిదీ డెబ్బై ఎనిమిదితో. ఆ అమ్మాయి నాలుగు అవకాశాలూ అయిపోయాయి, మిగిలింది గౌరవ్వ చివరి వంతు ఒక్కటే.

గౌరవ్వ చివరి గుండు చేతిలోకి తీసుకుని వలయం బయట నిలబడింది. తల్లి వైపు చూడలేదు. తండ్రి వైపు చూసింది. భీమన్నకు ఏం చెప్పాలో తోచలేదు. ధైర్యం చెబితే నమ్మలేదన్నట్టుంటుందేమోనని భయం. నువ్వు వేస్తావంటే అది మళ్లీ బరువవుతుందేమోనని ఇంకో భయం. చివరికి చేతులు రెండూ పక్కకు వదిలేసి, ఊరికే నిలబడ్డాడు. ఏమీ తగ్గించకుండా, ఏమీ పెంచకుండా, కన్నార్పకుండా చూస్తూ.

గౌరవ్వ వలయంలోకి దిగింది. వంగింది. తిరిగింది. గొంతులోంచి ఒక కేక వచ్చింది. గుండు తడిమట్టిలో పడి కదలకుండా దిగబడిపోయింది.

టేపు పట్టిన అమ్మాయి వంగి చూసింది. డైరెక్టరమ్మ కూడా వచ్చి చూసింది. "తొమ్మిదీ ఎనభై రెండు" అని కాగితంలో రాసుకుంది.

నాలుగు సెంటీమీటర్లు. కమలవ్వకు ఆ లెక్క అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఆమె అక్కడే తడి నేల మీద చతికిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

డైరెక్టరమ్మ గౌరవ్వను పిలిచింది. "పది దాటలేదు నువ్వు. తెలుసా?"

"తెలుసు మేడం."

"మార్చిలో తొమ్మిదీ అయిదు అని రాశారు. ఈ రోజు తొమ్మిదీ ఎనభై రెండు. మూడు నెలల్లో ఇంత పెరిగిన పిల్ల పదితో ఆగదు. జూలై రెండున పెట్టే బేడా తీసుకుని హాస్టల్‌కు వచ్చెయ్." తర్వాత భీమన్న వైపు తిరిగింది. "ఇక్కడ మీరు బరువేమీ తగ్గించక్కర్లేదయ్యా. పిల్ల బలం సరిపోతుంది."

ఆ మాటలో కోపం లేదు. భీమన్న దండం పెట్టాడు.

జనం కొద్దికొద్దిగా పలచబడ్డారు. భీమన్న మైదానం అంచున ఒక్కడే నిలబడి ఉంటే గౌరవ్వ వచ్చి పక్కన ఆగింది. మార్చి నుంచి తండ్రితో ఆమె దూరాల మాటే తప్ప వేరే మాట మాట్లాడలేదు. ఇప్పుడు అతను కూడా దూరం మాట ఎత్తలేదు.

"చెయ్యి నొస్తున్నదా బిడ్డా?" అని అడిగాడు.

ఎంత గట్టిగా బిగపట్టుకుని ఉన్నదో, ఆ ఒక్క మాటకు గౌరవ్వ కళ్లలోంచి నీళ్లు జారాయి. "శాన నొస్తున్నది బాపూ" అంది. అని తన కుడిచేతిని ముందుకు చాచి, అతని రెండు చేతుల్లో పెట్టింది.

భీమన్న ఆ చేతిని పట్టుకుని, భుజం నుంచి మణికట్టు దాకా మెల్లగా ఒత్తుతూ, అందరూ చూస్తుండగానే ఏడ్చాడు.